రెండో పోత

మొదటిది పోసిన రాత్రి
మైనం చల్లారి, ఒత్తి చుట్టూ గుంట పడింది.
"బొడ్డు మాదిరి ఉండాదే" అని నా కూతురు నవ్వింది.
నాకేం తెలుసు?
చల్లారేది ఏదైనా కొంచెం లోపలికి కుంగుతుందని,
ఆ గుంట నిండేదాకా ఇంకోసారి పోయాలని
పదో పన్నెండో పాడైనాక గానీ తెలిసిరాలేదు.

అప్పుడది పని కాదు.
మామిడి సీజను అయిపోయి
గుజ్జు ఫ్యాక్టరీ గేటుకు తాళం పడినాక
చేతుల మీద తోతాపురి సొన మచ్చలు మానేదాకా
పొద్దు పోక, ఏం చెయ్యాలో తోచక
సొట్టలు పడినాయని పారేసిన డబ్బాలు నాలుగు తెచ్చుకొని
చర్చి వెనకాల ఊడ్చిపోసిన కొవ్వొత్తి తునకలు ఏరుకొని
గిన్నెలో నీళ్లు, నీళ్లలో చెంబు, చెంబులో మైనం.
కరుగుతావుంటే చూడ్డానికి బాగుండేది.
అంతే.

పక్కింటి దమయంతికి ఒకటిచ్చినా.
మేడమీది టీచరమ్మకు రెండు.
"ఎంతమ్మే?" అని అడిగితే
"పోనీలేక్కా, దాందేముంది" అనేదాన్ని.
దాందేముంది!
ఎంత చవగ్గా వచ్చేదో ఆ మాట నా నోట్లోంచి.

నివేద పదో తరగతి లెక్కల నోటుబుక్కు
వెనకపక్క గళ్లు గీసింది.
మైనం కిలో ఇంత, నూలు ఇంత,
గ్యాసు, బజారువీధికి ఆటో, చుట్టే కాగితం.
"నీ కూలి ఎంత వెయ్యాలమ్మా?" అంది.
ఫ్యాక్టరీలో నా కూలి మేస్త్రీ చెప్పేవాడు.
అంతకుముందు పొలంలో రెడ్డి చెప్పేవాడు.
నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు.
"ఆ గడి వదిలెయ్" అన్నా.
వదల్లేదు. పెన్సిలుతో ఒక ప్రశ్నగుర్తు పెట్టి
పుస్తకం మూసింది.

నవంబరులో గ్రీమ్స్‌పేట నుంచి కబురు.
సమాధుల పండగకు మూడువందలు కావాలంట,
గాలికి ఆరకూడదంట.
ఒత్తి రెండు పేటలు పేని,
టేబుల్ ఫ్యాను ముందు పెట్టి
ఆరినవన్నీ మళ్లీ చెంబులో వేసినా.
మోచేతి కింద బొబ్బలు మూడు.
కమిటీ ఆయన "ఎంత?" అన్నాడు.
ఎనిమిది అన్నా, అనేసరికి గొంతు తడారింది.
"దేవుని పనమ్మా, ఆరు చేసుకో."
చేసుకున్నా.

ఆ సాయంత్రం చూసొద్దామని పోయినా.
నాకు ఒక్కరూ తెలియని ఆ నేలంతా
నా వంటింట్లో పుట్టిన మంటలు.
ఎవరో ముసలాయన గొడుగు అడ్డంపెట్టి
ఆఖరి బొట్టు కరిగేదాకా కదల్లేదు.
డబ్బులు గుర్తే రాలేదు నాకు.
అబద్ధం.
తిరిగొచ్చేటప్పుడు, మిట్టూరు మలుపులో వచ్చినాయి.

తర్వాత మా అక్క కొడుకు పుష్పనాథం
సైకిలు మీద కొట్టుకొట్టుకీ వేసొచ్చేవాడు.
ఎన్ని పోసినా చాలేవి కావు.
మొన్న వానరాత్రి కరెంటు పోతే
ఇంట్లో వెలిగించుకోను ఒక్కటంటే ఒక్కటి లేదు.

తలమీద గోనెసంచి కప్పుకొని
ఏకాంబరం కొట్టుకు పోయినా.
సీసాలోంచి తీసి చేతిలో పెట్టినాడు.
చీకట్లో తడిమితేనే తెలిసింది, నాదే.
"పన్నెండు."
"కొవ్వొత్తికి పన్నెండాన్నా? పది తీసుకో."
"కుదరదు మే.
చేత్తో పోసింది అది. అడుగుదాకా నిలబడి కాల్తాది.
వొద్దంటే అదో, మిషనుది, అయిదు."

నేనేనని చెప్పలేదు.
ఎందుకో నోరు రాలేదు.
నేను అనలేని మాట వాడు ఎంత తేలిగ్గా అన్నాడో
అట్లనే నిలబడి విన్నా, సంచి మీద వాన టపటపలాడతావుంటే.
పైట కొంగు విప్పి
పన్నెండూ లెక్కపెట్టి ఇచ్చినా.

ఇంటికొచ్చి, వేలితో ఒత్తి చుట్టూ తడిమినా.
గుంట లేదు.
"నివేదా, ఆ గడిలో పెన్నుతో రాయి" అన్నా.
చీకట్లోంచే "ఎంతని?" అంది.
ఆలోచించి చెప్తా,
ముందు అగ్గిపెట్టె ఎక్కడుండాదో చూడమన్నా.